తల, మెడ క్యాన్సర్ చికిత్స తర్వాతి స్కాన్లకు నై-రాడ్స్ పద్ధతిలో నివేదిక రాయడం ఎలా

తల, మెడ భాగంలో క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన రోగి స్కాన్‌ను చదవడం చికిత్సకు ముందు తీసిన స్కాన్‌ను చదవడం కంటే కష్టమైన పని. శస్త్రచికిత్స జరిగి ఉంటే కుడి, ఎడమ భాగాల పొంతన చెదిరిపోతుంది. కణితిని తొలగించిన చోట తొడ నుంచో ముంజేతి నుంచో తెచ్చి అతికిన ఫ్లాప్ ఉంటుంది. రేడియేషన్ తగిలిన మేరా చర్మం నుంచి స్వరపేటిక వరకు ప్రతి పొరా వాచి, కొవ్వులో గీతలు గీతలుగా మార్పులు కనిపిస్తాయి. ఇన్ని మార్పుల నడుమ కొన్ని మిల్లీమీటర్ల గడ్డ ఒకటి కొత్తగా పెరుగుతున్నదా లేదా అన్నది తేల్చాలి. శారీరక పరీక్షలో ఆ మెడ గట్టిపడి చేతికి ఏమీ తెలియనివ్వదు కాబట్టి, వైద్యుడు నివేదిక మీదే ఎక్కువగా ఆధారపడతాడు.

ఆ వైద్యుడి ముందు ఉండే దారులు చాలా కొద్ది. రోగిని మామూలు గడువుకే మళ్ళీ రమ్మనవచ్చు, స్కోపుతో లోపల చూడవచ్చు, తర్వాతి స్కాన్‌ను ముందుకు జరపవచ్చు, బయాప్సీ చేయవచ్చు. వీటిలో ఏది చేయాలో చెప్పలేని నివేదిక ఎన్ని పేజీలున్నా అసంపూర్ణమే. ‘చికిత్సానంతర మార్పులు ఉన్నాయి, వ్యాధి తిరగబెట్టి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం’ అన్న వాక్యం చాలా నివేదికల చివర కనిపిస్తుంది. అది రాసినవారికి రక్షణగా ఉంటుందేమో కానీ, చదివిన వైద్యుడికి దారి చూపదు. నై-రాడ్స్ అనే స్కోరింగ్ పద్ధతి పుట్టింది ఈ లోటు తీర్చడానికే.

రొమ్ము మామోగ్రఫీ నివేదికలకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో బై-రాడ్స్ పద్ధతిని తెచ్చింది. అదే సంస్థ కమిటీ తల, మెడ క్యాన్సర్ల కోసం రూపొందించిన నై-రాడ్స్ (నెక్ ఇమేజింగ్ రిపోర్టింగ్ అండ్ డేటా సిస్టమ్) పద్ధతిని 2018లో శ్వేతపత్రంగా ప్రచురించింది. దీని పరిధిని మొదటే గుర్తుంచుకోవాలి. ఇది చికిత్స పొందిన రోగిపై నిఘా కోసం ఉద్దేశించినది. రోగం కొత్తగా బయటపడినప్పుడు దశను నిర్ణయించడానికి కాదు. మొదట కాంట్రాస్టు (రక్తనాళంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తీసే సీటీకి, ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెరను కణాలు ఎక్కడ ఎక్కువగా గ్రహిస్తున్నాయో చూపే పెట్ సీటీకి వర్తించేలా దీన్ని రాశారు. ఎంఆర్‌ఐకి వాడకం ఆ తర్వాత విస్తరించింది. ఇందులో ప్రతి స్కాన్‌కు రెండు స్కోర్లు విడివిడిగా ఇవ్వాలి. కణితి మొదట పుట్టిన మూలస్థానానికి ఒకటి, మెడలోని లింఫు గ్రంథులకు ఒకటి. స్కోరు 1 నుంచి 4 దాకా అంకె పెరిగేకొద్దీ వ్యాధి అనుమానం పెరుగుతుంది. ప్రతి స్కోరుకూ జతగా తర్వాత చేయవలసిన పని ఉంటుంది. నా దృష్టిలో ఈ పద్ధతికి అసలు బలం అంకెల్లో లేదు, అంకెకూ పనికీ వేసిన ఈ ముడిలో ఉంది.

స్కాన్ తెరవక ముందే సేకరించవలసినవి

చికిత్స చరిత్ర తెలియకుండా స్కోరు ఇవ్వకూడదు. కణితి ఎక్కడ పుట్టింది, ఏ రకం, ఏ దశ, శస్త్రచికిత్స జరిగిందా, ఏమేం తొలగించారు, ఏ ఫ్లాప్ పెట్టారు, మెడ గ్రంథులను ఒక వైపు తీశారా రెండు వైపులా తీశారా, రేడియేషన్ చివరి తేదీ ఏది, కీమో ఇచ్చారా, గొంతు భాగపు కణితి అయితే హెచ్‌పీవీ అనే వైరస్‌తో సంబంధం ఉన్నదా లేదా అన్న వివరాలు నివేదిక మొదటి భాగంలో ఉండాలి. పంపిన చీటీలో ‘క్యాన్సర్ ఫాలోఅప్’ అని రెండు మాటలే ఉంటే ఆపరేషన్ నోటును, రేడియేషన్ సారాంశాన్ని వెదికి చదవాలి. దీనికి పట్టే పది నిమిషాలు వృథా కావు. నాలుక కుడి అంచున పుట్టిన కణితి అని తెలిసినవారి చూపు ఫ్లాప్ అంచుల మీద నిలుస్తుంది. తెలియనివారి చూపు మెడ అంతా తిరిగి ఎక్కడా నిలవదు. రోగి ప్రస్తుత బాధలను కూడా అడిగి రాసుకోవాలి. కొత్తగా చెవిపోటు రావడం, ముఖంలో ఒక పక్క తిమ్మిరి ఎక్కడం, నోరు తెరుచుకోకపోవడం వంటివి ఎక్కడ ఎక్కువసేపు చూడాలో చెబుతాయి.

చికిత్స ముగిసిన తేదీ అన్నిటికంటే ముఖ్యం. రేడియేషన్ ముగిసిన కొద్ది వారాలకే పెట్ సీటీ తీస్తే మంట కూడా కణితిలాగే ఎఫ్‌డీజీని గ్రహిస్తుంది. కుంచించుకుపోతున్న కణితి కూడా ఇంకా బతికున్నట్టే కనిపించవచ్చు. అందుకే బేస్‌లైన్ స్కాన్‌ను, అంటే చికిత్స తర్వాతి తొలి స్కాన్‌ను, చికిత్స ముగిసిన 8 నుంచి 12 వారాల మధ్య తీయమని నై-రాడ్స్ సూచిస్తుంది. పెట్ సీటీ విషయంలో 12 వారాల దాకా ఆగడం మేలు. ఈ గడువుకు గట్టి ఆధారమే ఉంది. మెడ గ్రంథులకు వ్యాధి బాగా పాకిన 564 మంది రోగులతో చేసిన పెట్-నెక్ అనే పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అందరికీ మెడ శస్త్రచికిత్స చేయడానికి బదులు, కీమోరేడియేషన్ (కీమో, రేడియేషన్ కలిపి ఇవ్వడం) ముగిసిన 12 వారాలకు పెట్ సీటీ తీసి అవసరమైనవారికే చేసినా రెండేళ్ళ మనుగడ తగ్గలేదు: పెట్ సీటీ వర్గంలో 84.9 శాతం, శస్త్రచికిత్స వర్గంలో 81.5 శాతం. శస్త్రచికిత్సలు మాత్రం 221 నుంచి 54కు పడిపోయాయి. సరైన సమయంలో తీసి సరిగ్గా చదివిన ఒక్క స్కాన్ ఎందరిని కత్తి నుంచి తప్పించగలదో ఈ అంకెల్లో కనిపిస్తుంది.

పాత స్కాన్లు చేతికి వచ్చేదాకా తుది స్కోరు ఇవ్వకూడదు. రోగి మరో చోట స్కాన్ తీయించుకున్నారని, అది త్వరలో అందుతుందని తెలిసినప్పుడు ఇవ్వవలసిన స్కోరు 0. పాతవి అందాక అనుబంధం రాసి అసలు స్కోరు చేర్చాలి. సందేహం తేలనప్పుడల్లా 0 ఇచ్చి తప్పుకోవడం సరికాదు. అది పోల్చి చూడవలసిన స్కాన్ ఉండీ అందనప్పుడు మాత్రమే వాడే గుర్తు.

స్కాన్ తీసే తీరు గురించి కొద్దిగా చెబితే చాలు. కపాలం అడుగు నుంచి ఛాతీ పైభాగం దాకా, కాంట్రాస్టు శ్లేష్మపొరలోకి, కణితిలోకి చేరే వ్యవధి ఇచ్చి, ఇంచుమించు 90 సెకన్ల ఆలస్యంతో సీటీ తీయాలి. కాంట్రాస్టు లేని మెడ సీటీకి స్కోరు ఇవ్వడానికి ప్రయత్నించవద్దు. పెట్ సీటీలో మెడ భాగాన్ని చేతులు కిందికి ఉంచి తీయాలి. ఎఫ్‌డీజీ ఎక్కించాక గంటసేపు రోగి మాట్లాడకుండా, ఏదీ నమలకుండా ఉండాలని సిబ్బంది చెప్పి తీరాలి. మాట్లాడుతూ కూర్చున్న రోగి స్వరపేటిక కండరాలు ఎఫ్‌డీజీని గ్రహించి పెట్‌లో మెరిసి, లేని సందేహాన్ని పుట్టిస్తాయి.

ఉండవలసిన మార్పులను ముందుగా గుర్తించడం

ఈ పనిలో చేయి తిరగాలంటే రోగం ఎలా ఉంటుందో కంటే, రోగం లేనప్పుడు చికిత్స పొందిన మెడ ఎలా ఉంటుందో బాగా తెలియాలి. రేడియేషన్ తర్వాత చర్మం, దాని కింది ప్లాటిస్మా కండరం మందమవుతాయి. కొవ్వులో వల అల్లినట్టు గీతలు వస్తాయి. ఎపిగ్లాటిస్, స్వరపేటిక పైభాగం తక్కువ సాంద్రతతో, రెండు వైపులా ఒకే తీరుగా ఉబ్బుతాయి. గొంతు వెనుక నీరు పలచగా చేరుతుంది. శ్లేష్మపొర కాంట్రాస్టుకు గీత గీసినట్టు వ్యాపించి వెలుగుతుంది. దవడ కింది లాలాజల గ్రంథులు మొదట ప్రకాశవంతమై, నెలలు గడిచేకొద్దీ కుంచించుకుపోతాయి. ఈ మార్పులన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది: అవి పరచుకుని ఉంటాయి, గడ్డకట్టి ఉండవు; కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి లేదా నిలకడగా ఉంటాయి, పెరగవు.

ఫ్లాప్‌ను చూసేటప్పుడు దాని మధ్య భాగం కంటే అంచుల మీద ఎక్కువసేపు ఆగాలి. అతికిన కండరం నరాల ఊతం లేక క్రమంగా సన్నబడి కొవ్వుగా మారుతుంది. తొలి నెలల్లో అది వాచి, వెలిగినా భయపడనక్కరలేదు. వ్యాధి తిరగబెట్టేది ఎక్కువగా ఫ్లాప్ రోగి సొంత కణజాలాన్ని కలిసే అంచు వెంటే.

ఎడమ కుడి పొంతన లేకపోవడం వల్ల జరిగే పొరపాట్లు ఎన్నో. మెడ శస్త్రచికిత్సలో ఒక వైపు దవడ కింది గ్రంథిని తీసేస్తే, రెండో వైపు మిగిలిన మంచి గ్రంథి గడ్డలాగా, పెట్‌లో మెరిసే ముద్దలాగా కనిపిస్తుంది. నాలుకకు పోయే నరం దెబ్బతింటే ఆ వైపు సగం నాలుక కొవ్వు పట్టి వెనక్కి జారుతుంది. అప్పుడు జారిన సగాన్ని కణితి అనుకునేవారు కొందరు, ఆరోగ్యంగా ఉన్న సగం పెట్‌లో ఎక్కువ మెరవడం చూసి దాన్ని కణితి అనుకునేవారు కొందరు. భుజాన్ని ఎత్తే నరం దెబ్బతిన్నప్పుడు ట్రపీజియస్ కండరం ఎండిపోయి, ఆ పనిని మోస్తున్న లెవేటర్ స్కాపులే కండరం ఉబ్బుతుంది. రోగి చేతికి అది గడ్డలా తగులుతుంది, ‘మెడలో కొత్త వాపు’ అన్న చీటీతో స్కాన్‌కు వస్తారు. ఒక స్వరతంత్రి చచ్చుబడితే రెండోది దాని పని కూడా చేస్తూ ఎఫ్‌డీజీని ఎక్కువగా గ్రహిస్తుంది. మెరుస్తున్న తంత్రి ఆరోగ్యమైనది, మెరవనిదే చచ్చుబడినది. ఇలాంటివాటిని నివేదికలో పేరు పెట్టి రాయాలి. రాయకపోతే తర్వాత చదివే మరొకరు వాటినే రోగంగా పొరబడవచ్చు.

మూలస్థానానికి స్కోరు

పైన చెప్పిన మార్పులే ఉండి, గడ్డ ఏదీ లేకుండా, పెట్ తీసినట్టయితే అసాధారణంగా ఎఫ్‌డీజీ గ్రహించడం కూడా లేకుండా ఉంటే స్కోరు 1. వ్యాధి తిరగబెట్టిన ఆనవాలు లేదు, మామూలు గడువులో నిఘా కొనసాగించమని దీని అర్థం. ఈ స్కోరు ఇవ్వడానికి జంకకూడదు. వాపు ఉంది కదా అని స్కాన్లన్నిటికీ 2 ఇచ్చుకుంటూ పోతే ఆ అంకెకు విలువ పోతుంది, రోగులకు అవసరం లేని స్కాన్లు, స్కోపులు మిగులుతాయి.

స్కోరు 2ను తక్కువ అనుమానం అంటారు. దీన్ని రెండుగా విడదీయడం ఈ పద్ధతిలో అన్నిటికంటే ఆలోచనతో చేసిన పనిగా నాకు అనిపిస్తుంది. శ్లేష్మపొర మీద, కంటికి అందే చోట, ఒక చిన్న ప్రాంతం మాత్రం చుట్టుపక్కల కంటే ఎక్కువ వెలిగినా, పెట్‌లో అక్కడ కొద్దిపాటి లేదా మధ్యరకం మెరుపు ఉన్నా అది 2ఏ. అక్కడ పుండు ఉండవచ్చు, మంట ఉండవచ్చు, కణితి కూడా ఉండవచ్చు. సీటీ ఎంత చూసినా తేల్చలేని ఆ తేడాను స్కోపుతో చూసిన వైద్యుడి కన్ను నిమిషంలో తేలుస్తుంది. అందుకే 2ఏకు జతగా నేరుగా చూడమన్న సూచన ఉంటుంది, మరో స్కాన్ కాదు. పొరకు లోతున, హద్దులు స్పష్టంగా లేకుండా, కాంట్రాస్టుకు కొద్దిగా మాత్రమే వెలిగే కణజాలం ఉంటే అది 2బి. స్కోపుకు అది అందదు, బయాప్సీ చేయడానికి నిర్దిష్టమైన గడ్డా లేదు. అందువల్ల దీనికి సూచన మూడు నెలల్లో మళ్ళీ స్కాన్, లేదా ఇప్పటిదాకా సీటీ ఒక్కటే తీసి ఉంటే పెట్ సీటీ. ఏ, బి అక్షరాలను వదిలేసి ఉత్త 2 అని రాస్తే చదివిన వైద్యుడు స్కోపు పట్టుకోవాలో, మూడు నెలలు ఆగాలో తెలియక మళ్ళీ ఫోన్ చేయవలసి వస్తుంది.

స్కోరు 3 అంటే ఎక్కువ అనుమానం. కొత్తగా వచ్చిన లేదా పెరుగుతున్న, హద్దులున్న గడ్డ బాగా వెలుగుతూ, పెట్‌లో గాఢంగా ఒకే చోట మెరుస్తూ ఉంటే ఈ స్కోరు ఇచ్చి బయాప్సీ సూచించాలి. బయాప్సీ ఎక్కడి నుంచి తేలికో, నోటి గుండా వెళ్ళవచ్చా, సీటీ లేదా అల్ట్రాసౌండ్ సాయంతో సూది పెట్టాలా, కెరోటిడ్ ధమనికి ఆ గడ్డ ఎంత దగ్గరో కూడా నివేదికలోనే చెప్పడం చదివేవారికి చేసే మేలు. బయాప్సీలో రోగం లేదని వస్తే అంతటితో ఊరుకోకూడదు. సూది సరైన చోటే దిగిందా అని బయాప్సీ చిత్రాలను తిరిగి చూడాలి. రేడియేషన్ తగిలిన కణజాలంలో క్యాన్సర్ కణాలు ముద్దగా కాక అక్కడక్కడ ఉండి సూదికి దొరకకపోవడం జరిగేదే.

స్కోరు 4ను బయాప్సీలో రోగం తేలినప్పుడో, చిత్రంలోనూ పరీక్షలోనూ వ్యాధి పెరుగుదల నిస్సందేహంగా ఉన్నప్పుడో మాత్రమే వాడాలి. ఇక్కడ నివేదిక చేయవలసిన పని మారుతుంది. వ్యాధి ఎంతదాకా పాకింది, మళ్ళీ శస్త్రచికిత్సకు వీలుందా, వెన్నెముక ముందరి కండరాలను అంటుకుందా, ధమనిని ఎంతమేర చుట్టింది అన్నవి వివరంగా రాయాలి.

మెడ గ్రంథులకు స్కోరు

గ్రంథుల్లో అసాధారణమైనవి లేకపోయినా, చికిత్సకు కరిగిన గ్రంథి తాలూకు మిగులు తక్కువ సాంద్రతతో, ఎఫ్‌డీజీ గ్రహించకుండా ఉన్నా స్కోరు 1. మిగిలిన కణజాలం అక్కడక్కడ ఎగుడుదిగుడుగా వెలుగుతున్నా, పెట్‌లో కొద్దిపాటి లేదా మధ్యరకం మెరుపు ఉన్నా, గ్రంథి కొద్దిగా పెరిగి దాని రూపంలో చెడు లక్షణాలు లేకపోయినా స్కోరు 2. కొత్తగా వచ్చిన లేదా పెరుగుతున్న గ్రంథిలో లోపల కుళ్ళిన భాగమో, పొరను చీల్చుకుని బయటి కొవ్వులోకి పాకిన గుర్తో స్పష్టంగా ఉంటే, లేదా అది గాఢంగా మెరుస్తుంటే స్కోరు 3. నిర్ధారణ అయితే 4. గ్రంథులకు ఏ, బి విభజన లేదు, ఎందుకంటే వాటిని స్కోపుతో చూడలేం.

హెచ్‌పీవీ సంబంధిత కణితుల విషయంలో ఓర్పు అవసరం. వాటి గ్రంథులు తరచుగా నీటితిత్తుల్లా ఉండి, కీమోరేడియేషన్‌కు లొంగినా మెల్లగా తగ్గుతాయి. 12 వారాలకు ఇంకా కొంత మిగిలి ఉండి, పెట్‌లో మెరుపు లేకపోతే వెంటనే శస్త్రచికిత్సకు పంపవలసిన పని లేదు. చికిత్సకు ముందు వ్యాధి ఉన్న గ్రంథుల స్థానాలను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుని, అక్కడ ఇప్పుడేముందో చూడాలి. మెడకు లోతున గొంతు వెనుక ఉండే గ్రంథులను ప్రతిసారీ ప్రత్యేకంగా వెదకాలి. అవి చేతికి తగలవు, శస్త్రచికిత్సలో మామూలుగా తొలగించరు, అందువల్ల వాటిని చూడగలిగేది స్కాన్ ఒక్కటే.

సీటీ, పెట్ ఒకదానితో ఒకటి పొసగనప్పుడు

సీటీలో ఏమీ కనిపించని చోట పెట్‌లో మెరుపు ఉండవచ్చు. సీటీలో అనుమానం కలిగించిన చోట పెట్ నిశ్శబ్దంగా ఉండవచ్చు. ఇలా రెండూ వేర్వేరు మాటలు చెప్పినప్పుడు సాధారణంగా 2 ఇవ్వాలి. అనుమానాన్ని పెంచే దాన్ని మాత్రమే పట్టుకుని 3 ఇవ్వడం, తగ్గించే దాన్ని మాత్రమే నమ్మి 1 ఇవ్వడం రెండూ సరికావు. ఎఫ్‌డీజీ గ్రహణానికి అంకెల హద్దు ఒక్కటే పెట్టుకుని నిర్ణయించవద్దని కూడా చెప్పాలి. యంత్రం, సమయం, రోగి రక్తంలోని చక్కెర ఆ అంకెను మారుస్తాయి. మెరుపు ఒకే చోట గుమికూడిందా, పరచుకుందా, చుట్టూ ఉన్న కణజాలంతో, కాలేయంతో పోలిస్తే ఎంత ఎక్కువ అన్నది ఎక్కువ నమ్మదగినది.

ఈ విషయంలో అందరినీ తికమకపెట్టేది దవడ ఎముక. రేడియేషన్ తర్వాత నెలలకో సంవత్సరాలకో ఎముక చచ్చిపోవడం వల్ల కూడా ఎముక తరుగుతుంది, విరుగుతుంది, పెట్‌లో మెరుస్తుంది. ఎముక లోపల గాలి బుడగలు, విడిపోయిన ముక్క, కణితి పుట్టిన చోటికి దూరంగా మార్పు ఉండటం ఎముక చనిపోయిందన్న వైపు మొగ్గుతాయి. ఎముక చుట్టూ ఘనమైన గడ్డ ఉంటే కణితి అనే అనుమానం పెరుగుతుంది. మెరుపు మాత్రం రెంటికీ ఉమ్మడిదే. అక్కడ బయాప్సీ చేస్తే రేడియేషన్ తిన్న ఎముక మానకపోవచ్చు కాబట్టి, ఈ ఒక్క చోట 3 ఇచ్చేముందు శస్త్రవైద్యుడితో మాట్లాడటం మంచిది. ఎంఆర్‌ఐ అందుబాటులో ఉంటే అది కొంత తేలుస్తుంది. పాత మచ్చ టీ2 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో నల్లగా ఉంటుంది. కణితి మధ్యస్థమైన బూడిదరంగులో ఉండి, డిఫ్యూజన్ అనే మరో రకం చిత్రంలో నీటి కదలికను అడ్డుకుంటుంది.

స్కోరుకు అందనివి

రెండు అంకెలు ఇచ్చినంత మాత్రాన చదవడం పూర్తికాదు. నరాల వెంట పాకే వ్యాధి కపాలం అడుగున, కళ్ళ ముందే దాక్కుంటుంది. టెరిగోపాలటైన్ గుంతలోని కొవ్వు మాయమైందా, ఫొరామెన్ ఒవేలే, ఫొరామెన్ రొటండమ్ రంధ్రాలు వెడల్పయ్యాయా, చెవి వెనుక ముఖనరం బయటికి వచ్చే చోట కొవ్వు ఉన్నదా అని ప్రతి స్కాన్‌లోనూ చూడాలి. ముఖం తిమ్మిరి అన్న రోగిలో ఇది చూడకుండా 1 ఇవ్వడం నేరంతో సమానమని నా నమ్మకం. పొగ, మద్యం అలవాటున్నవారిలో ఊపిరితిత్తుల్లో, అన్నవాహికలో, గొంతులోనే మరో చోట రెండో క్యాన్సర్ పుట్టే ముప్పు ఎక్కువ కాబట్టి చిత్రంలో పడిన ఊపిరితిత్తుల పైభాగాన్ని కూడా ఊపిరితిత్తుల విండోలో చూడాలి. అక్కడ రేడియేషన్ మచ్చ గీత గీసినట్టు ఉంటుంది, గుండ్రని గడ్డ ఉండదు.

కెరోటిడ్ ధమని గోడ గరుకుగా మారినా, దాని పక్కన పుండు, గాలి చేరినా, గోడ ఉబ్బి తిత్తిలా కనిపించినా నివేదిక ముగించేదాకా ఆగకూడదు. అది ఏ క్షణమైనా పగలవచ్చు. వెంటనే వైద్యుడికి ఫోన్ చేసి, ఎవరితో ఏ సమయంలో మాట్లాడిందీ నివేదికలో రాయాలి.

పోల్చవలసింది నిన్నటి స్కాన్‌తోనే కాదు

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నేను చేసిన ఒక తప్పును చెప్పాలి. ఒక రోగి ఫ్లాప్ వెనుక అంచున ఉన్న కణజాలాన్ని వరుసగా మూడు స్కాన్లలో, ప్రతిసారీ అంతకుముందటి దానితో మాత్రమే పోల్చి, ‘పెద్దగా మార్పు లేదు’ అని రాశాను. ప్రతిసారీ తేడా రెండు మిల్లీమీటర్లే; కొలతలో వచ్చే తేడాగా తీసిపారేశాను. బేస్‌లైన్ స్కాన్‌ను పక్కన పెట్టి చూసినప్పుడు అది రెట్టింపుకు దగ్గరగా పెరిగి ఉంది. అప్పటి నుంచి ప్రతి స్కాన్‌నూ రెండింటితో పోలుస్తాను: చివరిదానితో ఒకసారి, చికిత్స తర్వాతి తొలిదానితో మరోసారి. పోల్చిన రెండు తేదీలనూ నివేదికలో రాస్తాను. ఇది చదివేవారు ఇంకేమీ పాటించకపోయినా ఈ ఒక్కటి పాటించమని వేడుకుంటున్నాను.

నివేదికను కూర్చడం

వివరాలు ఎంత పొడవుగా ఉన్నా, చివరి ఇంప్రెషన్ (నిర్ణయ సారాంశం) మొదటి వరుసలోనే మూలస్థానం స్కోరు, రెండో వరుసలో మెడ స్కోరు, ప్రతి స్కోరు పక్కనే కారణం ఒక్క వాక్యంలో, సూచన మరో వాక్యంలో ఉండాలి. మూలస్థానాలు రెండుంటే విడివిడిగా రాయాలి. ఒకే చోట రెండు అనుమానాలుంటే పెద్ద అంకెను ఇవ్వాలి. కొలత రాసినప్పుడు ఏ చిత్రంలో, ఏ దిశలో కొలిచిందీ చెబితే తర్వాతివారు అదే చోట కొలవగలుగుతారు. నివేదిక అడుగున అంకెల అర్థాలను నాలుగైదు వరుసల్లో ప్రతిసారీ ఉంచాలి. పంపే వైద్యులందరికీ ఈ పద్ధతి కంఠస్థం కాదు.

శస్త్రచికిత్స, రేడియేషన్ రెండూ పొందిన రోగి బేస్‌లైన్ సీటీకి ఇంప్రెషన్ ఇలా ఉండవచ్చు:

మూలస్థానం: 2బి. నాలుక కుడి అంచున ఫ్లాప్ వెనుక అంచు వెంట 9 మి.మీ. మందాన, హద్దులు స్పష్టంగా లేని, కొద్దిగా మాత్రమే వెలిగే కణజాలం లోతున ఉంది. శ్లేష్మపొర మామూలుగా ఉంది. పెట్ సీటీ గాని, 3 నెలల్లో మళ్ళీ కాంట్రాస్టు సీటీ గాని సూచిస్తున్నాము.

మెడ: 1. కుడి వైపు గ్రంథులు తొలగించిన మార్పులు. అసాధారణ గ్రంథులు లేవు. ఎడమ దవడ కింది లాలాజల గ్రంథి సహజమైనదే, గడ్డ కాదు. మామూలు నిఘా.

ఇతరాలు: కపాలం అడుగున నరాల మార్గాలు మామూలుగా ఉన్నాయి. కనిపించిన మేరకు ఊపిరితిత్తుల్లో గడ్డలు లేవు.

ఇందులో ‘తోసిపుచ్చలేం’ అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. సందేహం ఉన్నదన్న సంగతి 2బిలోనే ఉంది, ఎంత ఉన్నదీ, దానికి ఏం చేయాలన్నదీ కూడా అందులోనే ఉన్నాయి. ‘క్లినికల్‌గా పోల్చి చూడగలరు’ అన్న వాక్యాన్ని కూడా వదిలేయాలి. దేన్ని, ఎక్కడ, దేనితో చూడాలో చెప్పలేనప్పుడు ఆ వాక్యం వల్ల ప్రయోజనం లేదు. స్కోరు ఇవ్వడానికి మనసు రాని సందర్భంలో ‘ఈ రోగి నా ముందుంటే రేపు ఏం చేయించేవాణ్ణి’ అని తమను తాము అడిగి చూసుకోవాలి. స్కోపు అయితే 2ఏ, ఆగి చూడటం అయితే 2బి, సూది అయితే 3. చాలాసార్లు అంకె అక్కడే తేలుతుంది.

నివేదిక పంపిన తర్వాత

తిరగబెట్టే కేసుల్లో అత్యధికం తొలి రెండేళ్ళలోనే బయటపడతాయి. బేస్‌లైన్‌లో 1 వచ్చినవారికి తర్వాతి స్కాన్‌ను ఆరు నెలలకు పెట్టడం నై-రాడ్స్ సూచించిన పద్ధతి. ఆ తర్వాతి విరామాలను రోగి ముప్పును బట్టి వైద్యబృందం నిర్ణయిస్తుంది. 2బి వచ్చినవారు మూడు నెలలకు నిజంగా తిరిగి వచ్చారా లేదా అని చూసే ఏర్పాటు ఒకటి విభాగంలో ఉండాలి. పట్టికలో పేరు, స్కోరు, రావలసిన తేదీ ఉంటే చాలు. సూచన రాసి, అది అమలయ్యిందో లేదో చూడకపోతే సగం పనే చేసినట్టు.

అదే పట్టికలో ఏడాదికోసారి ప్రతి స్కోరు ఎదుట చివరికి ఏం తేలిందో నింపాలి. 2017లో వెలువడిన ఒక తొలి పరిశీలనలో 618 స్థానాలను లెక్కించగా, 1 ఇచ్చిన చోట్ల 3.79 శాతంలో, 2 ఇచ్చిన చోట్ల 17.2 శాతంలో, 3 ఇచ్చిన చోట్ల 59.4 శాతంలో వ్యాధి ఉన్నట్టు తేలింది. మెట్లు మెట్లుగా పెరిగిన ఈ అంకెలే స్కోరు పనిచేస్తున్నదనడానికి రుజువు. తమ పట్టికలో 1కీ 2కీ మధ్య తేడా దాదాపు లేకపోతే ఉండవలసిన మార్పులకే 2 ఇస్తున్నారన్నమాట. 3 ఇచ్చినవాటిలో అన్నీ రోగంగానే తేలుతుంటే 3 ఇవ్వవలసినవి కొన్ని 2లో ఉండిపోతున్నాయేమో వెదకాలి. అలాంటి స్కాన్లను ఒక మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురు కలిసి మళ్ళీ తెరిచి, ఎవరు ఏ అంకె ఎందుకు ఇచ్చేవారో పేర్లు చూడకుండా రాసుకుని పోల్చుకోవడం మంచిది. మొదట తెరవవలసినవి 1 ఇచ్చిన తర్వాత వ్యాధి తిరగబెట్టిన స్కాన్లు.